తాకి చూసే గదికి అద్దాలు

మా మ్యూజియంలో బడిపిల్లల విభాగం నాది. విభాగం అంటే పెద్ద మాటే. ఒక కుర్చీ, ఒక మైకు, నేను. మా అత్తయ్య దృష్టిలో నా ఉద్యోగం "పిల్లల్ని ఓ గదిలోంచి ఇంకో గదిలోకి తోలడం". ఆవిడ మాటలో ఎకసెక్కం ఉంది గానీ అబద్ధం లేదు.

బస్సు వస్తుంది. పిల్లలు దిగుతారు. ముందున్నవాడి చొక్కా కొస వెనకవాడు పట్టుకుంటాడు. ఆ రైలుబండి మెట్లెక్కుతుంది. టీచర్లు రెండు పక్కలా నడుస్తూ "మాట్లాడొద్దు, ముట్టుకోవద్దు, వెనకపడొద్దు" అని జపం చేస్తుంటారు. ఏనాటిదో శిల్పం ముందు నిలబడి నేను గొంతు చించుకుంటూ ఉంటే, మూడో వరసలో పిల్లకి కనిపించేది రెండో వరసలో పిల్ల జడ. "అర్థమైందా?" అంటే "అర్థమైందీ" అని రాగం తీస్తారు. తర్వాత కింద హాల్లో వర్క్‌షాపు. మీకు బాగా నచ్చిన వస్తువు బొమ్మ గీయండి అంటే సగంమంది బస్సు గీస్తారు. మిగతా సగంమంది పక్కవాడి బస్సు చూసి గీస్తారు. విహారయాత్ర విజయవంతంగా ముగిసిందని ఆ బడివాళ్ళు గోడపత్రికలో రాసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మళ్ళీ మర్నాడు ఇంకో బస్సు.

ఇంత తోలుడులోనూ నాకు ఇష్టమైన గది ఒకటుండేది. కింది అంతస్తులో, మెట్ల పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గది. దానికి తాకి చూసే గది అని పేరు. పై గ్యాలరీలో ఉన్న వస్తువులకు నకళ్ళు చేయించి బల్లల మీద పెట్టాం. దీపపు సెమ్మె, పళ్ళేలంత పెద్దవి చేసిన నాణేలు, అద్దం పట్టుకున్న ఒక స్త్రీ చెయ్యి, గది మధ్యలో గుర్రం. గుర్రం పెద్ద మేకంత ఉంటుంది. రాతిపొడి కలిపి పోత పోశారు. ఎవరైనా పట్టుకోవచ్చు, నిమరొచ్చు, వీపు మీద చరచవచ్చు. మా గార్డును మాత్రం ఆ గదిలోకి రానిచ్చేవాళ్ళం కాదు. ఆయన్ని అందరం ఈల బాబాయి అంటాం. వస్తువు దగ్గరికి చెయ్యి వెళ్తే చాలు, ఆయన నోట్లో ఈల ఆయన అనుమతి లేకుండానే మోగుతుంది.

ఆ గదిని ఆ గదిలా వాడుకునేది ఒక్క బడే. ఊరి చివర చూపులేని ఆడపిల్లల బడి. వాళ్ళు ఏడాదికోసారి వస్తారు. చొక్కా కొసలు పట్టుకోరు. ఎవరి దారిన వాళ్ళు బల్లల దగ్గరికి వెళ్ళి పనిలో పడతారు. నేను మైకు తీసి పక్కన పెట్టేసేదాన్ని.

కిందటేడు వచ్చినప్పుడు అందరూ గుర్రం ముఖం మీద పడ్డారు. చెవులు, ముక్కుపుటాలు, పళ్ళు, అబ్బో, ఒకటే కేరింతలు. ఒక్క పిల్ల మాత్రం తోక దగ్గర కూర్చుంది. ఆ పిల్ల పేరు ఏదైనా ఆ బడిలో అందరూ పిలిచేది లాయరమ్మ అనే. తోక దగ్గరెందుకు కూర్చున్నావని అడిగాను.

"ముందు ముఖం చూసేస్తే మిగతాది ఎవరూ చూడరక్కా," అంది. "వీళ్ళని అడగండి, గుర్రానికి మోకాలెక్కడుందో ఒక్కళ్ళు చెప్పమనండి."

ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయేదాన్ని. లాయరమ్మ తోక వెంట్రుకల గీతలు చూసింది, గిట్టలు చూసింది, కడుపు కింద పట్టెడ ఎక్కడ ముడిపడిందో చూసింది, జీను అంచు కుట్లు చూసింది. మెడ దాకా వచ్చేసరికి బయట బస్సు హారన్. ఆ డ్రైవరుకి ఎప్పుడూ పెళ్ళికి వెళ్ళే తొందరే. టీచరమ్మ పిల్లల్ని కూడగట్టింది. లాయరమ్మ చెయ్యి మెడపట్టీ మీద ఆగిపోయింది.

"తల మిగిలిపోయిందక్కా," అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"వచ్చే ఏడు ఎవరి చెయ్యీ పడకముందే తల నీకే చూపిస్తాను," అన్నాను.

"ఖచ్చితంగానా?"

"ఖచ్చితంగా."

"సరే. సాక్షులున్నారు," అని పక్కన ఉన్న పిల్లలందర్నీ చూపించింది.

ఆ ఏడాదంతా ఆ పిల్లకి గుర్రం మెడ దాకానే ఉంది. వచ్చే ఏడుతో ఆ బడిలో తన చదువు అయిపోతుంది. తర్వాత కాలేజీకి వేరే ఊరు వెళ్ళిపోతుంది. అంటే ఆ తల చూడ్డానికి ఇంకొక్క విజిటే ఉంది.

అంతలో మా గదికి అవార్డు వచ్చింది. ఉత్తమ స్పర్శా విద్యా కేంద్రం అట. ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. ఒకాయన గుర్రం వీపు మీద చిటికెనవేలు ఆనించి, వేలు చూసుకుని, జేబురుమాలుతో తుడుచుకున్నాడు. రెండో ఆయన ఫోటో తీసుకున్నాడు. మూడో ఆవిడ "ఎంత స్పర్శ!" అంది. షీల్డు వచ్చింది.

మా డైరెక్టరు గారు అప్పటిదాకా ఆ గదిలో అడుగు పెట్టలేదు. పోతపొడి ప్యాంటుకి అంటుకుంటుందని ఆయనకి భయం. షీల్డు వచ్చిన రోజు మాత్రం గదంతా కలియతిరిగి, ఇంతకాలం కన్నబిడ్డను అనాథాశ్రమంలో వదిలేసిన తండ్రిలా కరిగిపోయారు. వెంటనే మీటింగు పెట్టారు.

"ఇంత విలువైన గదిని ఇలా గాలికి వదిలేస్తామా?" అన్నారు. "పిల్లలొచ్చి ముట్టుకుంటున్నారు!"

"ముట్టుకోవడానికే కదండీ సార్," అన్నాను.

"అది అవార్డు రాకముందు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. మా ఆఫీసులో తల ఊపడానికి విషయం తెలియనవసరం లేదు. అరిగిపోతే వచ్చే తరాలు ఏం ముట్టుకుంటాయి అని డైరెక్టరు గారు ఆవేదన పడ్డారు. వచ్చే తరాలు కూడా ముట్టుకోకూడదు కదా సార్ అని అడగబోయాను. నా పక్కన కూర్చున్న అకౌంటెంటు బల్ల కింద నా కాలు తొక్కాడు.

వారం తిరక్కుండా గది నిండా అద్దాలు వచ్చాయి. గుర్రానికి నలువైపులా నిలువెత్తు అద్దం. తాళం పెట్టించారా అని కాంట్రాక్టర్ని అడిగితే, "తాళం పెడితే ఎవరైనా తీస్తారు కదమ్మా, మరలు బిగించేశాం," అన్నాడు. ప్రతి వస్తువు పక్కనా బ్రెయిలీలో చక్కగా పేరు, వివరం చెక్కించిన పలకలు పెట్టారు. వాటి గురించి డైరెక్టరు గారికి ఎంత గర్వమో. నేను వెళ్ళి చూద్దును కదా, పలకలు కూడా అద్దం లోపల ఉన్నాయి.

"సార్, ఇవి వేళ్ళతో చదివేవండీ. లోపల పెడితే ఎలా?"

"బయట పెడితే మాసిపోవూ?" అన్నారాయన.

షీల్డుకి అద్దాల్లో చోటు చాల్లేదు. గుమ్మం పక్కన చిన్న బల్ల మీద పెట్టారు. మొత్తానికి తాకి చూసే గదిలో తాకడానికి మిగిలింది ఆ షీల్డు ఒక్కటే.

ఇదంతా ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఇంకో ఎత్తు. ఈ అద్దాల ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా ఒక పెద్దమనిషి వస్తున్నారనీ, ఆ రోజే చూపులేని పిల్లల బడిని కూడా రమ్మన్నామనీ తెలిసింది. ఫోటోలకి బాగుంటుందట. ఆ బడి టీచరమ్మ నాకు ఫోను చేసింది.

"మావాళ్ళంతా రెడీ అండీ. లాయరమ్మ అయితే గోళ్ళు కూడా కత్తిరించేసుకుంది. గోళ్ళుంటే సరిగ్గా తెలీదట," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేసి తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఒక్క అద్దం, ఒక్క పిల్ల, ఒక్క పది నిమిషాలు అని బతిమాలాను. మాటిచ్చానండీ అన్నాను.

ఆయన చాలా మంచిగానే విన్నారు. అదే ఆయనతో చిక్కు. "పిల్లల్ని నిరాశపరచం. వాళ్ళకోసం ప్రత్యేకంగా వర్క్‌షాపు పెడుతున్నాం. 'స్పర్శ: ఒక పరిచయం'. స్లైడ్ షో తయారవుతోంది."

"సార్, వాళ్ళకి కనబడదు."

"ఆ సంగతి చూసుకున్నాం. హాల్లో లైట్లన్నీ తీసేయిస్తాం. తెర బ్రహ్మాండంగా కనిపిస్తుంది."

బయటికొచ్చి గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఆ మాటకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం పెడుతూ పెడుతూ గిన్నె ఠంగుమని కింద పెట్టాను. మా ఆయన ఉలిక్కిపడి, "గుర్రం మీద కోపం గిన్నె మీద చూపిస్తున్నావా?" అన్నారు. సంగతి ఆయనకి అప్పటికే రెండుసార్లు చెప్పాను.

"నేనేం చెయ్యను చెప్పండి? కమిటీ నిర్ణయం. డైరెక్టరు సంతకం. నా చేతుల్లో ఏముంది?"

మా అత్తయ్య పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "మాటిచ్చేటప్పుడు కమిటీని అడిగే ఇచ్చావా?" అంది.

నేను గిన్నె ఎత్తి ఆవిడకి కూర వడ్డించాను. ఆవిడ ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లలు దిగారు. ఎప్పట్లాగే ఎడమవైపుకి, మెట్ల పక్క గదివైపుకి తిరిగారు. వాళ్ళని ఆపి, కుడివైపు హాల్లోకి తిప్పాల్సి వచ్చింది. లాయరమ్మ నా గొంతు విని నా పక్కకి వచ్చేసింది. చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి.

"ముందు గుర్రమే కదక్కా?"

"ముందు చిన్న కార్యక్రమం ఉందమ్మా," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

హాల్లో లైట్లు తీసేశారు. ఆ గదిలో దానివల్ల ఇబ్బంది పడింది టీచరమ్మా, నేనూ, కుర్చీ కాలికి తట్టుకున్న ఫోటోగ్రాఫరూను. మా ప్రచార విభాగం కుర్రాడు మైకు అందుకుని, "ఇప్పుడు మీరు చూస్తున్న చిత్రంలో ఎడమ పక్కన ఉన్నది అరచెయ్యి," అని మొదలుపెట్టాడు. "చేతికి ఐదు వేళ్ళుంటాయి. స్పర్శ ద్వారా మనం గరుకు, నునుపు, వేడి, చలి తెలుసుకోవచ్చు."

"ఈయనకి ఇవాళే తెలిసిందా?" అని వెనక ఎవరో గుసగుసలాడారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ కుర్రాడు తన స్లైడుకి నవ్వారనుకుని హుషారుగా రెండో స్లైడు వేశాడు.

ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. రిహార్సల్ చేద్దామని ఫోటోగ్రాఫరు పిల్లల్ని తాకి చూసే గదిలోకి తీసుకెళ్ళాడు. లాయరమ్మ నా చెయ్యి వదిలేసింది. దారి తనకి తెలుసు. గుమ్మం దాటి, బల్ల మూల తప్పించుకుని, గది మధ్యకి నడిచి, రెండు చేతులూ చాచింది. చేతులు అద్దానికి తగిలాయి.

తర్వాత పైకి, కిందికి, పక్కకి తడిమి చూసింది. మూలలో మర దొరికింది. దాన్ని బొటనవేలితో తిప్పబోయి ఆగిపోయింది.

"అక్కా, ఇది అద్దం."

"అవునమ్మా."

"గుర్రం లోపలా?"

"లోపల."

"మేం బయటా?"

పక్క బల్లల దగ్గర మిగతా పిల్లల చేతులు కూడా ఠప్ ఠప్‌మని అద్దాలకి తగులుతున్నాయి. ఒక పిల్లకి షీల్డు దొరికింది. "ఇదేంటే, ఇక్కడొకటి ఉంది!" అని అందర్నీ పిలిచింది.

"బాగుంది, బాగుంది," అంటున్నాడు ఫోటోగ్రాఫరు. "పాపా, చెయ్యి అలాగే అద్దం మీద ఉంచు. కొంచెం నవ్వు. గుర్రాన్ని చూసి ఆనందపడుతున్నట్టు."

లాయరమ్మ నవ్వలేదు. నావైపు తిరిగింది. "సాక్షులున్నారని చెప్పాను కదక్కా," అంది. చేతులు రెండూ అద్దం మీంచి తీసేసుకుంది. కత్తిరించుకున్న ఆ గోళ్ళు చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళుగా డైరెక్టర్ని తిట్టుకుంటూ, కమిటీని తిట్టుకుంటూ, వాళ్ళకంటే నేనేదో మేలైనదాన్నని అనుకుంటూ బతికాను. ఆ పిల్లకి మాటిచ్చింది మాత్రం వాళ్ళు కాదు.

అసలు గుర్రం పై గ్యాలరీలో ఉంది. రాతిది. అద్దంలో పట్టదు కాబట్టి చుట్టూ తాడు కట్టి, ముట్టుకోరాదు అని బోర్డు పెట్టి, ఈల బాబాయిని కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడికి తీసుకెళ్ళడం గురించి నేను ముందే ఆలోచించాను. తాడు గురించి, ఈల గురించి కాదు నా సందేహం. అసలు గుర్రానికి తల లేదు.

తల ఏనాడో పోయింది. నకలు చేయించేటప్పుడు ఉన్నదున్నట్టు మెడ దాకానే చేయాలనుకున్నారు. అప్పటి కమిటీలో ఒకాయన కళ్ళు తుడుచుకుని, "అసలే చూపులేని పిల్లలు. వాళ్ళ చేతుల్లో తలలేని గుర్రాన్ని పెడతామా?" అన్నాడట. అందరి గుండెలూ కరిగాయి. తల పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎలాంటి తల అన్న దగ్గర మాత్రం ఏకగ్రీవం కుదరలేదు. ఒకాయన పందెపు గుర్రం తల అన్నాడు, ఒకాయన యుద్ధపు గుర్రం అన్నాడు, ఒకావిడ కాస్త నవ్వుముఖం ఉంటే పిల్లలు భయపడరంది. అందరి మాటా నిలబెట్టాలని శిల్పి ప్రయత్నించాడు. ఆ ముఖం చూసినప్పుడల్లా నాకు పెన్షన్ కోసం కౌంటరు దగ్గర నిలబడ్డ పెద్దాయన గుర్తొస్తాడు. గోడమీద మాత్రం "అసలుకు అచ్చమైన నకలు" అని బోర్డు. పిల్లలకి చెప్పొద్దు, బాధపడతారు అని మాకందరికీ ఆజ్ఞ.

లాయరమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకొచ్చాను. సగం మెట్లు ఎక్కాక ఆగి చెప్పేశాను.

"పైన అసలు గుర్రం ఉంది. అది చూపిస్తాను. కానీ దానికి తల లేదమ్మా. ఎప్పుడో పోయింది."

"లేదా?"

"లేదు."

"మరి కింద దానికి?"

"మావాళ్ళు పెట్టారు."

"ఏం చూసి పెట్టారు?"

"ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని."

ఇప్పుడు ఏడుస్తుంది, ఏడిస్తే ఎలా ఓదార్చాలి అని నేను కంగారు పడుతున్నాను. ఆ పిల్ల ఏడవలేదు. "ఏడాదినుంచి నేను దాని ముక్కు ఎలా ఉంటుందా అని..." అని కోపంగా మొదలుపెట్టి, ఆపేసింది. ఒక మెట్టు ఎక్కి, "పదండి," అంది.

తాడు ఎత్తి పట్టుకున్నాను. ఆ పిల్ల కిందనుంచి దూరింది. తోక మీద చెయ్యి వేసిందో లేదో ఈల మోగింది.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఊదకు."

ఈల బాబాయి ఈల తీసి, చుట్టూ చూసి, "ఊదకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు. "నా మానాన నేను ఊదుతాను. మీ మానాన మీరు కానివ్వండి. ముట్టుకుంటే ఈల వెయ్యమన్నారు గానీ చెయ్యి పట్టుకు లాగమని ఎవరూ చెప్పలేదు."

అన్న మాట ప్రకారం ఊదడం మొదలుపెట్టాడు. ఈ గోల విని టీచరమ్మ వెనకాలే పిల్లలందరూ మెట్లెక్కి వచ్చేశారు. నేను తాడు మొత్తం విప్పేశాను. ఆపేస్తే మళ్ళీ ధైర్యం చాలదని నా భయం. అన్ని చేతులు ఒక్కసారి రాతిమీద పడేసరికి బాబాయి బుగ్గలు ఎర్రబడ్డాయి. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ అందుకున్నాడు.

"ఇది చల్లగా ఉందే!"

"ఒక కాలు లేదు. ఇనప కడ్డీ ఉంది ఇక్కడ."

"కింద గుర్రం మెడలో గంటలు నున్నగా ఉన్నాయి కదా, వీటిమీద గుంటలున్నాయి. చెక్కినప్పుడు తగిలిన దెబ్బలా అక్కా?"

"అవును. ఉలి దెబ్బలు."

"ఏయ్, తల ఏదే?"

"లేదంట," అంది లాయరమ్మ. తను ఎవరి హడావిడీ పట్టించుకోకుండా తోకనుంచి మొదలుపెట్టి కడుపు దాకా వచ్చింది.

"మరి కిందటేడు మేం చూసిన చెవులు?" అంది ఒక పిల్ల.

"పళ్ళు కూడా చూశాం కదా!"

"నేను ఆ తల మట్టితో చేస్తే ఫస్ట్ ప్రైజు ఇచ్చారు!" అంది ఇంకో పిల్ల. దాదాపు ఏడుపుగొంతుతో అంది. ఇది ఎవరి తల, ఎవరు పెట్టారు, మాకెందుకు చెప్పలేదు అని అన్నివైపులనుంచీ నన్ను కడిగేస్తున్నారు. ఇన్నేళ్ళలో ఏ బడిపిల్లలూ ఆ గ్యాలరీలో ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

ఈలల మోతకి డైరెక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. వెనకాల ముఖ్య అతిథి, ఆయన వెనకాల ఫోటోగ్రాఫరు, కాంట్రాక్టరు, మరో పదిమంది. తాడు నేలమీద పడి ఉంది. పిల్లలు గుర్రాన్ని కప్పేసి ఉన్నారు. డైరెక్టరు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమిటిది?" అన్నారు ముఖ్య అతిథి.

డైరెక్టరు గారు నన్ను కాల్చేసేలా చూశారు. అటునుంచి అతిథివైపు తిరిగేసరికి ఆ ముఖం నిండా చిరునవ్వు. ఆయనలో నాకు నచ్చే విద్య అదొక్కటే. "స్పర్శా కార్యక్రమంలో రెండో భాగం సార్," అన్నారు.

"అద్భుతం!" అన్నారు అతిథి. కెమెరా టకటకా మోగింది. ఆయన ముందుకొచ్చి లాయరమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టారు. ఆ పిల్ల తల పక్కకి తీసుకుంది. "ఈ పాప అందరికంటే శ్రద్ధగా చూస్తోందే! ఏం కావాలమ్మా నీకు?"

టీచరమ్మ తట్టుకోలేక చెప్పేసింది. కిందటేడు తల ఒక్కటీ మిగిలిపోయిందండీ, ఏడాదినుంచి ఎదురుచూసింది, తీరా వస్తే అద్దాలు పెట్టారు అని. ముఖ్య అతిథి కళ్ళు మూసుకున్నారు. కెమెరా దగ్గరికొచ్చాక తెరిచారు.

"ఎంత అన్యాయం! తీయించండి ఆ అద్దాలు. ఇప్పుడే. ఈ పాప కోసం!"

అందరూ చప్పట్లు కొట్టారు. "వెంటనే సార్, మా ఉద్దేశమూ అదే," అన్నారు డైరెక్టరు గారు. కాంట్రాక్టరు స్క్రూడ్రైవరు కోసం మెట్లు దిగబోయాడు. పోనీలే, ఎవరి పుణ్యమైతేనేం, నా మాట దక్కింది అనుకున్నాను.

"వద్దండీ," అంది లాయరమ్మ.

చప్పట్లు తడబడి ఆగాయి. ఈల కూడా ఆగింది.

"వద్దా? ఎందుకమ్మా? నీకోసమే కదా తీయిస్తున్నాం?"

"అది ఈ గుర్రం తల కాదంట కదండీ."

అతిథి డైరెక్టరు గారివైపు తిరిగారు. "కాదా?" డైరెక్టరు గారు నావైపు తిరిగారు. నా వెనక ఎవరైనా ఉంటే నేనూ తిరిగేదాన్నేమో. గోడే ఉంది.

"కాదండీ," అన్నాను. "దీనికి తల లేదు. కింద ఉన్నది కమిటీ పెట్టిన తల. అసలుకు అచ్చమైన నకలని బోర్డు పెట్టి, ఈ పిల్లలకి చెప్పకుండా దాచాం. జాలిపడి."

జాలి అన్న మాట విని మట్టితల ప్రైజు పిల్ల "ఛీ," అంది.

పెద్దమనుషులకి ఇలాంటి సమయాల్లో వాచీలు బాగా ఉపయోగపడతాయి. అతిథి వాచీ చూసుకున్నారు. "సరే, ప్రారంభోత్సవానికి టైమవుతోంది," అన్నారు. అందరూ ఎంతో తేలికపడి మెట్లవైపు కదిలారు. కింద రిబ్బను కత్తిరించారు. చప్పట్లు పైకి వినిపించాయి. వెళ్తూ వెళ్తూ డైరెక్టరు గారు నా చెవిలో, "రేపు పొద్దున్నే నా గదికి రండి," అన్నారు. వస్తాను అన్నాను. చిత్రంగా, భయం వెయ్యలేదు.

పిల్లలు ఇంకా గుర్రం దగ్గరే ఉన్నారు. లాయరమ్మ ఎట్టకేలకు మెడ పైదాకా చేరుకుంది. తల విరిగిన చోట రెండు చేతులూ ఆనించి, అంచు చుట్టూ వేళ్ళు తిప్పుతోంది. బాధపడుతోందేమోనని దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, ఇది పడి విరిగిందా, ఎవరైనా విరగ్గొట్టారా?"

"ఎందుకలా అడిగావు?"

"ఇటువైపు అంతా గరుగ్గా ఉంది. అటువైపు కిందకి వచ్చేసరికి నున్నగా, తిన్నగా ఉంది. కోసినట్టు. మెడ వెనక ఏదో చిన్న గుంట కూడా ఉంది. మళ్ళీ అతికించాలని చూశారేమో కదా?"

నేను ఈ గుర్రం ముందు ఎన్నిసార్లు నిలబడి ఉంటానో నాకే తెలియదు. ఎత్తు, వెడల్పు, దొరికిన చోటు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మెడ వెనక ఒక గుంట ఉందని మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

"తెలియదమ్మా," అన్నాను.

"ఇన్నేళ్ళనుంచి ఇక్కడే ఉన్నారు కదా?"

"ఇక్కడే ఉన్నాను. ఎప్పుడూ పట్టుకుని చూడలేదు."

ఆ పిల్లకి అది నమ్మశక్యం కాలేదు. నా మణికట్టు వెతికి పట్టుకుని, నా చెయ్యి తీసుకెళ్ళి రాతి మీద పెట్టింది. రాయి చల్లగా తగిలింది. నాకు ఉన్నట్టుండి దుఃఖం పొంగుకొచ్చింది.

"కళ్ళు మూసుకున్నారా?" అని అడిగింది.

"మూసుకున్నాను."

"అక్కర్లేదక్కా. తొందరపడకుండా ఉంటే చాలు," అని, నా వేళ్ళని మెడ వెనక్కి జరిపింది.